ఏకాదశి నాటి కాలేయం

తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో ఏకాదశి వచ్చిందంటే తిండి లెక్కే మారిపోతుంది. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన ఈ క్షేత్రంలో మాధ్వుల ఆచారమే ఆచారం. మాధ్వ మఠాల్లో ఏకాదశి నాడు నైవేద్యం ఉండదు, గురువుల బృందావనానికి సమర్పించే హస్తోదకం ఉండదు. నిష్ఠగా ఉండేవాళ్ళు ముందురోజు దశమి నాడే ఒంటిపూట భోజనంతో సరిపెట్టుకుంటారు. ఏకాదశి నాడు గుక్కెడు మంచినీళ్ళు కూడా ముట్టరు. ద్వాదశి నాడు తెల్లవారకముందే లేచి, స్నానం, పూజ ముగించి, పొద్దు పైకెక్కేలోగా పారణ చేస్తారు. దశమి మధ్యాహ్నం విస్తరి ముందు నుంచి లేచిన మనిషి మళ్ళీ ముద్ద నోట పెట్టుకునేసరికి సుమారు 40 గంటలు గడిచిపోతాయి.

ఈ 40 గంటల్లో పని ఎక్కువ పడేది కాలేయానికి. కుడివైపు పక్కటెముకల కింద సుమారు కిలోన్నర బరువుండే ఈ అవయవం సాధారణంగా మనకు జబ్బు చేసినప్పుడే గుర్తొస్తుంది. పచ్చకామెర్లు వస్తే కాలేయం, తాగి ఆరోగ్యం పాడుచేసుకుంటే కాలేయం. ఒంట్లో బాగున్న రోజుల్లో అది పూటపూటకూ చేసే పని గురించి మనం మాట్లాడుకోవడం తక్కువ. ఉపవాసం, పారణ ఇంత దగ్గర దగ్గరగా జరిగే చోట ఆ పని గురించి చెప్పుకోవడం సబబుగా ఉంటుంది.

మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ అవే 20 వేల చిల్లర జన్యువులుంటాయి. కంటిలోని కణం చూపుకు పనికొస్తే, కాలేయంలోని కణం చక్కెర తయారు చేస్తుంది. ఏ కణంలో ఏ జన్యువులు పనిలో ఉన్నాయి, ఏవి ఊరకున్నాయి అన్నదే తేడా. మఠం ఉగ్రాణంలో సరుకులన్నీ ఎప్పుడూ ఉంటాయి. ఆరాధన రోజున ఏవి బయటికి తీయాలి, మామూలు రోజున ఏవి తీయాలి అన్న కబురు మాత్రం వంటవాళ్ళకు అందాలి. కాలేయానికి ఆ కబురు తెచ్చేవి హార్మోన్లు, మనం తిన్న తిండి.

అన్నం తిన్న తర్వాత పేగుల నుంచి బయల్దేరిన రక్తం ముందు కాలేయానికే చేరుతుంది. క్లోమం విడుదల చేసే ఇన్సులిన్ కూడా అదే రక్తనాళంలో కలిసి, మిగతా ఒళ్ళంతటికంటే ముందు అక్కడికే వెళుతుంది. అంటే తిన్నదీ, తిన్నామన్న వార్తా రెండూ ఒక్కసారే అందుతాయి. ఇన్సులిన్ అందగానే ఫాక్సో-1 అనే ప్రొటీన్ కణకేంద్రకాన్ని వదిలి బయటికి పోతుంది. దాంతో కొత్తగా చక్కెర తయారుచేసే జన్యువులు ఆగుతాయి. అదే సమయంలో స్రెబ్-1సీ అనే మరో ప్రొటీన్, మిగిలిన చక్కెరను కొవ్వుగా మార్చే జన్యువులను పనిలోకి దింపుతుంది. ఇదంతా ఇన్సులిన్ చేయించేదే. ఇన్సులిన్‌తో పాటు చక్కెర తనంతట తానుగా కూడా ఆ జన్యువులను కదిలించగలదు. చక్కెరను కనిపెట్టుకుని ఉండే ప్రొటీన్ ఒకటి కాలేయంలో ఉందని డాలస్‌లో కొసాకు ఉయెడా బృందం 2001లో తేల్చింది. తిండి అంటే ఇంధనం మాత్రమేనన్న పాత ఆలోచన ఇలాంటి పరిశోధనలతో సడలిపోయింది.

ఉపవాసంలో ఇదంతా తారుమారవుతుంది. ఇన్సులిన్ తగ్గి గ్లూకగాన్ పెరుగుతుంది. కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ మహా అయితే 100 గ్రాములు. అది సుమారు ఒక రోజులో ఖర్చయిపోతుంది. అంటే ఏకాదశి మధ్యాహ్నం దాటేసరికి ఆ నిల్వ దాదాపు అడుగంటుతుంది. అప్పటికే గ్లూకగాన్, కార్టిసాల్ కలిసి చక్కెర తయారుచేసే జన్యువులను మేల్కొలిపి ఉంటాయి. ప్రొటీన్ల ముక్కల నుంచి, కండరాలు వదిలే లాక్టేట్ నుంచి, కొవ్వు విరిగితే వచ్చే గ్లిసరాల్ నుంచి కాలేయం చక్కెర చేసి మెదడుకు పంపుతుంది. మరోపక్క ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి వస్తుంది. ఆ కొవ్వు ఆమ్లాలు పీపార్-ఆల్ఫా అనే ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. అది కదిలిందంటే కొవ్వును మండించే జన్యువులు, కీటోన్లు తయారుచేసే జన్యువులు వరుసగా పనిలోకి దిగుతాయి. ద్వాదశి వేకువన తుంగభద్రలో మునకేసే మనిషి మెదడుకు అప్పుడు అందే ఇంధనంలో కొంత ఆ కీటోన్లదే.

ఈ పీపార్-ఆల్ఫా కథలో ఒక తెలుగు వైద్యుడి పేరు విడదీయరానిది. జనార్దన్ రెడ్డి హైదరాబాద్‌లో వైద్యం చదివి అమెరికా వెళ్ళి, షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చాలాకాలం పాథాలజీ ఆచార్యుడిగా పనిచేశారు. క్లోఫైబ్రేట్ వంటి కొవ్వు తగ్గించే మందులు పెడితే ఎలుకల కాలేయం ఉబ్బిపోయి, దాని కణాల్లో పెరాక్సిజోములనే చిన్న సంచులు లెక్కకు మించి పుట్టుకొచ్చేవి. ఇది ఎందుకవుతోందన్న ప్రశ్నను ఆయన ఏళ్ళ తరబడి వదల్లేదు. ఆ మందులను పట్టుకునే ప్రొటీన్ ఏదో కణంలో ఉందని ఆయన బృందం 1980ల్లోనే చెప్పింది. 1990లో ఇసబెల్ ఇసెమాన్, స్టీఫెన్ గ్రీన్ దాన్ని గుర్తించారు. దానికి పెట్టిన పీపార్ అన్న పేరులో ఆ పెరాక్సిజోముల ప్రస్తావన అలాగే నిలిచింది. మంత్రాలయానికి సంబంధించినంతవరకు ముఖ్యమైన ప్రయోగం 2000లో వచ్చింది. పీపార్-ఆల్ఫా లేని ఎలుకలను రెడ్డి బృందం పస్తు పెట్టింది. మామూలు ఎలుకలు తట్టుకున్నాయి. ఆ జన్యువు లేని ఎలుకల కాలేయం మాత్రం మండించలేని కొవ్వుతో నిండిపోయింది. ఉపవాసాన్ని ఒళ్ళు తట్టుకోవడానికి వెనక ఎంత ఏర్పాటు ఉందో ఆ ఒక్క ప్రయోగం చూపింది. ఈ పీపార్ కుటుంబాన్నే ఆధారం చేసుకుని అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ సంస్థ తయారుచేసిన సరోగ్లిటజార్ అనే మందుకు, తాగుడు వల్ల కాని కాలేయపు కొవ్వు వ్యాధికి వాడేందుకు 2020లో మన దేశంలో అనుమతి వచ్చింది.

ఇక్కడ ఒక మాట నిదానంగా చెప్పాలి. ఇలాంటి పరిశోధనలు బయటికి వచ్చిన ప్రతిసారీ, మన పెద్దలు ఇదంతా ముందే తెలిసి ఏకాదశి పెట్టారన్న సందేశాలు ఫోన్లలో తిరుగుతాయి. కణాలు తమలోని పాత భాగాలను తామే కరిగించుకునే తీరు మీద పరిశోధనకు 2016లో జపాన్ శాస్త్రవేత్త యొషినొరి ఒహ్సుమికి నోబెల్ వచ్చినప్పుడూ ఇదే జరిగింది. ఆయన ముఖ్యంగా పనిచేసింది ఈస్టు కణాల మీద. ఎలుకల మీద ఫలితాలను మనుషులకు అతికించడమూ అంత తేలిక కాదు. ఎలుక చిన్న ప్రాణి. ఒక్క రోజు పస్తుకే దాని బరువులో గణనీయమైన భాగం తగ్గిపోతుంది. మనిషికి ఒక రోజు ఉపవాసం అంత పెద్ద దెబ్బ కాదు. ఏకాదశి ఉండేవాళ్ళు స్వామి కోసం ఉంటారు. ఆ భక్తికి ప్రయోగశాల ధ్రువపత్రం అవసరం లేదు. దాన్ని కాలేయ వైద్యంగా ప్రచారం చేస్తే భక్తికీ వైద్యానికీ రెండింటికీ అన్యాయమే.

అయినా ఆచారంలోని ఒక వివరం చూస్తే ముచ్చటేస్తుంది. ద్వాదశి పారణకు చాలా ఇళ్ళల్లో అవిసాకు, ఉసిరికాయ తప్పనిసరి. చప్పని పప్పు, కూర, కాస్త అన్నం. 40 గంటలు తీరిక లేకుండా పనిచేసిన కాలేయం మీద ఒక్కసారిగా చక్కెర బరువు పడని భోజనమది. మఠం గడప దాటి బజారుకు వస్తే దృశ్యం వేరు. ఉపవాసం పేరు మీద తినే ఫలహారం చూడండి. ఉప్మా, దాని మీద నూనెలో వేగిన బజ్జీలు, చక్కెర దండిగా పోసిన సగ్గుబియ్యం పాయసం, కూల్‌డ్రింకు సీసా. అన్నం ముట్టలేదన్న తృప్తి మనిషికి మిగులుతుంది. కాలేయానికి మాత్రం విందుభోజనపు కబురే అందుతుంది. అందులోనూ చక్కెరలో సగభాగమైన ఫ్రక్టోజ్, కొవ్వు తయారుచేసే జన్యువులను బాగా ఉసిగొల్పే రకం. ఒక పూట అన్నం మానడానికీ, ఒళ్ళు ఉపవాసంలోకి వెళ్ళడానికీ చాలా తేడా ఉంది.

కర్నూలు జిల్లా పడమటి ఊళ్ళలో రోజువారీ తిండి కథ ఇంకొకటి. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతపు ఇళ్ళల్లో జొన్నరొట్టె చేయడం చూసినవాళ్ళు మర్చిపోలేరు. మరిగే నీళ్ళు పోసి కలిపిన పిండిని ఆ వేడి మీదే మడమతో తొక్కినట్టు అరచేత్తో పిసుకుతారు. పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను చుట్టూ తిప్పుతూ తట్టుతుంటే ఆ చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. పెనం మీద వేశాక పైవైపు తడిబట్టతో తుడుస్తారు. తడి ఆరగానే తిప్పేస్తే రొట్టె పొంగుతుంది. పక్కన ఊరుబిండి, పుండికూర పప్పు, కాల్చిన బుడ్డల పొడి. ఆకలిగా ఉన్నప్పుడు దీన్ని మించిన తిండి లేదనిపిస్తుంది.

ఆ జొన్ననే దక్కన్‌లో ఒకప్పుడు జబ్బుతో ముడిపెట్టి చూశారు. పెల్లాగ్రా అనే ఆ జబ్బులో ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది. మెడ చుట్టూ పట్టీ కట్టినట్టు మచ్చ వచ్చేది. విరేచనాలు పట్టుకునేవి, ముదిరితే మతి చెడేది. నియాసిన్ అనే విటమిన్ లోపిస్తే ఇది వస్తుందని, ఆ విటమిన్‌ను 1937లో విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వేజెమ్ కాలేయం సారం నుంచే వేరుచేశాక తేలింది. మొక్కజొన్న తినే దేశాల్లో ఇది తెలిసిన జబ్బే. కానీ జొన్న తినేవాళ్ళకు ఎందుకు రావాలి? 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ, ఈ ప్రశ్నను చేపట్టింది. 1960లో కొలుత్తూరు గోపాలన్, శ్రీకంఠయ్య లాన్సెట్ పత్రికలో ఒక వివరణ ఇచ్చారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది ఒంట్లో ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారిని చెడగొడుతోందన్నది దాని సారాంశం.

ఆ దారికి మొదటి మెట్టు కాలేయంలోనే ఉంది. ట్రిప్టోఫాన్‌ను విరిచే ఎంజైము అడ్రినల్ హార్మోన్ వల్ల పెరుగుతుందని, ట్రిప్టోఫాన్ తినిపిస్తే కూడా పెరుగుతుందని యూజీన్ నాక్స్ 1950లలో ఎలుకల కాలేయంలో చూపాడు. ఒకే ఎంజైము, దాని మీద హార్మోను చెయ్యీ ఉంది, తిండి చెయ్యీ ఉంది. జంతువుల్లో ఈ విషయం ఇంత స్పష్టంగా కనిపించిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. హైదరాబాద్‌లో గఫూరున్నీసా, నరసింగరావు 1973లో లూసిన్ ఎక్కువగా కలిపిన తిండి పెట్టిన ఎలుకల కాలేయాన్నీ మూత్రపిండాలనూ పరీక్షించి, ఈ దారిలోని ఎంజైముల చురుకుదనం మారుతోందని ప్రచురించారు. తార్నాకలోని ఆ ప్రయోగశాలలో ఎలుకకు వడ్డించిన గిన్నెలో దక్కన్ పల్లెల పేదవాడి పళ్ళెం కనిపిస్తుంది. మన శాస్త్రవేత్తలు మన పేదల తిండి గురించి వేసుకున్న ఆ ప్రశ్నకు తగినంత గుర్తింపు తెలుగు పాఠకుల్లో రాలేదన్నది నా బాధ.

లూసిన్ వాదాన్ని ఇతర దేశాల ప్రయోగశాలలన్నీ ఒప్పుకోలేదు. ఐసోలూసిన్, విటమిన్ బి6 పాత్ర మీద తర్వాత చర్చ సాగింది. జొన్న చెడ్డదని మాత్రం దీనికి అర్థం కాదు. పప్పు, పాలు, మాంసం కొనలేక మూడు పూటలా జొన్నే తినాల్సి వచ్చిన ఇంటికి ఆ జబ్బు వచ్చింది. పక్కన పుండికూర పప్పు, బుడ్డల పొడి ఉన్న రొట్టెకు ఆ భయం లేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. జొన్న తినే ఊళ్ళకు చౌకగా బియ్యం చేరింది. కూలి డబ్బులు కాస్త పెరిగి, తిండిలో రకాలు చేరేకొద్దీ పెల్లాగ్రా అరుదైపోయింది. ఆకలి తగ్గించిన ఆ పథకాన్ని చిన్నచూపు చూడకూడదు. కానీ పాలిష్ బియ్యం ఒక్కటే పళ్ళెం నిండా మిగలడం కూడా ఒంటిధాన్యపు తిండే. అప్పుడు జొన్నతో వచ్చిన కష్టం ఇప్పుడు బియ్యంతో ఇంకో రూపంలో వస్తోంది. పూటపూటకూ చక్కెర వెల్లువ, పూటపూటకూ ఇన్సులిన్, కొవ్వు తయారుచేసే జన్యువులకు విశ్రాంతి లేకపోవడం. చుక్క ముట్టని మనుషుల కాలేయంలో కొవ్వు చేరడం ఈ దారినే జరుగుతోంది. ఈ వ్యాధిని మధుమేహం, గుండె జబ్బుల వంటివాటి జాతీయ నివారణ కార్యక్రమంలో చేర్చి 2021లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటరాదంది. మన ఇళ్ళల్లో వడ్డించే అన్నపు కుప్పను చూస్తే ఈ సంఖ్య ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది.

కొర్రలు, సజ్జలు, రాగులు మళ్ళీ మాటల్లోకి వచ్చాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నంద్యాల పరిశోధన కేంద్రం సూర్యనంది వంటి కొర్ర రకాలను రైతులకు ఇచ్చింది. రాష్ట్రంలోని బడుల్లో రాగిజావ పోయడం మొదలైంది. ఇవి మంచి పనులే. కానీ పిల్లవాడి గ్లాసులో రాగికి పోటీగా బెల్లం పోస్తే ఆ మంచి సగం అక్కడే పోతుంది. సంగటి పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డు లేకుంటే పాత కథే తిరిగొస్తుంది. ఒక ధాన్యం తీసేసి ఇంకొకటి పెట్టడం కాదు, విస్తరిలో నాలుగు రకాలు ఉండాలన్నది ఈ నేల అరవై ఏళ్ళ అనుభవం.

మంత్రాలయం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏటా వేలమంది సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. గుంటూరు మిరప చేలల్లో, పత్తి చేలల్లో గుడారాలు వేసుకుని, పిల్లలను వెంటబెట్టుకుని నెలల తరబడి బతుకుతారు. పొద్దున చేలోకి దిగేముందు చద్దన్నం, సాయంత్రం అలసిపోయి వండుకున్నది. వాళ్ళ ఉపవాసానికి తిథి ఉండదు. అవే హార్మోన్లు, అవే జన్యువులు అక్కడా అదే పని చేస్తాయి. భక్తితో మానిన పూటకు మరునాడు పారణ ఉంది. గతిలేక మానిన పూట తర్వాత ఇంకో మానిన పూట ఉంటే, కాలేయపు చక్కెర తయారీకి ఒళ్ళు కండ కరిగించుకోవాల్సి వస్తుంది. గర్భిణి విషయంలో ఆ లెక్క పుట్టబోయే బిడ్డకు కూడా చేరుతుంది. జన్యువుల గురించి మాట్లాడేవాళ్ళం వీళ్ళ పళ్ళెం గురించి మాట్లాడకపోతే ఆ చదువుకు అర్థం లేదు. వలస వెళ్ళిన చోటే అంగన్‌వాడీలో పాలు, గుడ్డు అందేలా, రేషన్ కార్డు మీద పప్పు కూడా అక్కడే దొరికేలా చూడడం ప్రభుత్వం చేతిలో ఉన్న పని.

మిగిలింది మన చేతిలో ఉన్నది. ఏకాదశి ఉండదలచినవారు నిండు మనసుతో ఉండండి. కానీ మీకు షుగరు ఉంటే, ఇన్సులిన్ గాని, షుగరు దించే మాత్రలు గాని వాడుతుంటే, ఒంటిపూటకు ముందే డాక్టరును అడగండి. తిండి లేని రోజు కూడా ఆ మందు తన పని తాను చేస్తుంది. కాలేయం ఎంత శ్రమపడినా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయ జబ్బు ఉన్నవారు, బాగా వయసు మీరినవారు నిర్జలం జోలికి పోవద్దు. పెద్దవాళ్ళు ఇంట్లో ఒంటరిగా ఉపవాసం ఉంటే ఏకాదశి సాయంత్రం ఒకసారి వెళ్ళి పలకరించండి. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంటే ఆలోచించకుండా చక్కెర నీళ్ళు తాగించి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.